మా మేనత్త పాట మీద ఫిర్యాదు

"మీ వీడియోలో ఇతరులకు హక్కున్న పాట ఉంది" అని ఆ వీడియోల సైటు నుంచి మెయిల్ వచ్చినప్పుడు నేనేమీ కంగారు పడలేదు. గద్వాలలో మాకొక ఫోటో స్టూడియో ఉంది. కెమెరా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళకు తిరిగేది మా ఆయన. కంప్యూటర్ ముందు కూర్చుని, ఆయన తెచ్చినదంతా కోసి, అతికించి, మా చానెల్‌లో పెట్టేది నేను. ఇలాంటి మెయిళ్ళు నాకు కొత్త కాదు. బరాత్‌లో ఊరేగింపు నడుస్తుంటే డీజేవాడు సినిమా పాట వేస్తాడు, అది మా వీడియోలో వినిపిస్తుంది, ఆ పాట కొనుక్కున్న కంపెనీ ఫిర్యాదు పెడుతుంది. తప్పు మాదే. ఆ ముక్కలో శబ్దం తీసేసి డప్పుల చప్పుడు అతికిస్తాను. వాళ్ళ పాట వాళ్ళది, మనకు పేచీ ఎందుకు? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఎదురు మాట్లాడలేదు.

ఈసారి మెయిల్ తెరిచి చూస్తే ఫిర్యాదు వచ్చింది బరాత్ మీద కాదు, మా మేనత్త మీద.

మా నాన్నకు ఆమె ఒక్కతే తోబుట్టువు. గట్టు మండలంలో ఒక ఊళ్ళో ఉంటుంది. జీవితమంతా ఒకరి చేలల్లో కూలికి పోయి బతికిన మనిషి. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఆడపిల్లకు ఒడిబియ్యం పోసినా మా అత్త ఉండాల్సిందే. పిల్ల ఒళ్ళో పసుపు కలిపిన బియ్యం పోస్తున్నంతసేపూ పాట నడవాలి, ఆ పాట ఆమె అందుకోవాలి. వాళ్ళమ్మ దగ్గర, అంటే మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాట అది. చివరి రెండు చరణాలు మాత్రం అత్త సొంతంగా కట్టినవి. ఎప్పుడు కట్టిందో మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

అత్తకు ఒక్కతే కూతురు. నాకు వదిన వరస. మొగుడితో కలిసి పూణెకు బిల్డింగు పనికి పోయింది. అప్పుడప్పుడే పాలు మాన్పిన ఆడపిల్లను అత్త దగ్గర వదిలి పోయింది. అక్కడ ఏదో జ్వరం వచ్చింది, దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయింది. శవాన్ని ఇక్కడిదాకా తెచ్చే దారి దొరక్క అక్కడే మట్టి చేశారు. కబురు తెలిసిన పదకొండో రోజు అత్త, వదిన పెళ్ళిచీర ఇంట్లో నేల మీద పరిచి, దాని కొంగులో బియ్యం పోస్తూ పాడింది.

పూణె పోయిన బిడ్డ పొద్దుగూకిన రాదు
ఉత్త కొంగు పరిచి ఎవరికి పోతునే బియ్యము

ఊళ్ళో వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. చచ్చిన మనిషికి ఒడిబియ్యమేంది, అరిష్టం కాదా అన్నారు. అత్త లెక్క చెయ్యలేదు. తర్వాత తర్వాత ఆ చరణాలు పాటలో కలిసిపోయాయి. శుభకార్యాల్లో కూడా అడిగి మరీ పాడించుకునేవారు. మా దిక్కున వలస పోని ఇల్లేది? ఆ చరణాలకు రాగానే కొంగు నోట్లో కుక్కుకోని ఆడది ఉండేది కాదు.

ఒకరోజు అత్త ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి ఆ పాట మొత్తం మేమే తీశాం. వెనక కోళ్ళు కూడా అరుస్తుంటాయి అందులో. మా చానెల్‌లో అన్నిటికంటే ఎక్కువమంది చూసింది అదే. ఇప్పుడు ఆ వీడియో పక్కన ఎర్రగా ఒక గుర్తు పెట్టి, దీని సాహిత్యం, బాణీ ఫలానా సంగీత కంపెనీవి అని రాశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ కంపెనీ పట్నంలో ఉంటుంది. వాళ్ళ వీడియో వెతికి పట్టుకున్నాను. సోమశిల దగ్గర కృష్ణలో పడవ. పడవలో గద్వాల చీర కట్టుకున్న సన్నటి పిల్ల. వెనక వయొలిన్లు. ఆ పిల్ల నీళ్ళలో వేళ్ళు ఆడిస్తూ మా అత్త పాట పాడుతోంది. ఒడిబియ్యం లేదు, ఒళ్ళో కూర్చున్న కూతురు లేదు. "పూణె పోయిన బిడ్డ" పోయి "పూణె పోయిన బావ" అయింది. బావ కోసం పడవలో ఎదురుచూస్తూ నవ్వుతోంది ఆ పిల్ల! కింద రచన అని ఎవరిదో మగ మనిషి పేరు. ఆ పేరున్న ఆయన కూతుర్ని పోగొట్టుకున్నాడా? ఉత్త చీర పరిచి బియ్యం పోశాడా? కంప్యూటర్ ముందు కూర్చుని నేను పైకే తిట్టాను. ఫోటో దిగడానికి వచ్చిన వాళ్ళు తలుపు దగ్గరే ఆగిపోయారు.

ఆ పిల్ల మాకు తెలియని పిల్లేమీ కాదు. అదీ నా కడుపుమంట. అంతకు రెండేళ్ళ ముందు మా వీడియో చూసి, కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసి, "అక్కా, ఆ అమ్మ దగ్గర పాట నేర్చుకోవాలె, జర తీస్కపోతరా" అని బతిమాలింది. నేనే తీసుకుపోయాను. గద్వాల బస్టాండులో ఎదురుపోయి, ఆటో మాట్లాడి, పట్నం నుంచి మన పాట కోసం వచ్చిందని ఊరంతా చెప్పుకుంటూ తీసుకుపోయాను. రెండు రోజులు అత్త ఇంట్లోనే ఉంది. జొన్నరొట్టె తింది, అత్త పక్కనే చాప మీద పడుకుంది, పాట చక్కగా పట్టుకుంది. గొంతు మంచిదే, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ సైటులో ఫిర్యాదుకు బదులు చెప్పడానికి ఒక ఫారం ఉంటుంది. మీ అభ్యంతరం దేని మీదో ఒకటి ఎంచుకోమంటుంది. మీకు అనుమతి ఉందా, మీరు కొంచెమే వాడుకున్నారా, పాట మరీ పాతబడి అందరిదీ అయిపోయిందా, ఇలా నాలుగు గడులు. ఈ పాట మా అత్త చచ్చిపోయిన కూతురి మీద కట్టుకుంది అనే గడి వాటిలో లేదు. ఏదో ఒకటి నొక్కి, కింద ఇచ్చిన కొద్దిపాటి జాగాలో రాశాను. మా వీడియో ముందుది, వాళ్ళది తర్వాతది, తారీఖులు చూడండి అన్నాను. అచ్చం మా దగ్గర భూముల సంగతిలాగే ఉంది ఇదీ. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవాడు చెట్ల కింద నిలబడి చూస్తుంటాడు, పట్టా పుస్తకం ఇంకొకడి చేతిలో ఉంటుంది.

నెల దాటింది. అభ్యంతరం చెల్లదని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను. ఈసారి ఆ కంపెనీ నుంచే నేరుగా మెయిల్ వచ్చింది. మర్యాదకు లోటు లేదు, ముందు నమస్కారం కూడా ఉంది. మూల గాయని తన పాట మీద హక్కులన్నీ స్వయంగా మా గాయనికి అప్పగించారు, మా గాయని మాకు అప్పగించారు, వీడియో సాక్ష్యం జత చేస్తున్నాం, తారీఖులతో పని లేదు అని రాశారు.

ఆ సాక్ష్యం తెరిచాను. అత్త ఇల్లు. చాప మీద ఆ పిల్ల. అత్త ఆ పిల్లకు బొట్టు పెట్టి, ఒళ్ళో దోసెడు బియ్యం పోసి, తల మీద చెయ్యి పెట్టి అంటోంది: "పాట నీకిచ్చిన బిడ్డా. ఇగ ఇది నీదే. నాది కాదు."

ఆ వీడియో తీసింది మా ఆయనే. ఆ పిల్ల గుర్తుగా ఉంటుందంటే తీసి, నేనే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను.

పాట ఇచ్చేటప్పుడు మా అత్త ఎవరికైనా అదే మాట అంటుంది. వాళ్ళమ్మ ఆమెకు అలాగే ఇచ్చింది. ఒళ్ళో బియ్యం పోసి "ఇది నీది, నాది కాదు" అనాలి. అలా అనకపోతే నేర్చుకున్న మనిషికి జంకు పోదట. పెద్దామె పాట పాడుతున్నాను, తప్పు పోతే ఏమంటుందోనని ఆమె ఎదుట నోరు పెగలదట. అందుకని తనది కాదని తెంచేసి ఇస్తారు. ఇచ్చాక ఇద్దరూ పాడుకుంటారు. ఒకే పెళ్ళిలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి పాడుకుంటారు. అత్త ఇప్పటికి ఎనిమిదిమందికి అలా ఇచ్చింది. ఆ ఎనిమిదిమందిలో ఏడుగురికి ఆ మాట అర్థం అయింది. ఎనిమిదో పిల్ల వెనక మాత్రం కంపెనీ ఉంది.

ఆ పిల్లకు ఫోన్ చేశాను. దులిపేద్దామనే చేశాను. అది ఎత్తీ ఎత్తగానే ఏడుపు అందుకుంది.

"అక్కా, నేను గిట్ల అయితదనుకోలే. పాట ఎక్కడ నేర్చుకున్నవంటే ఆ వీడియో చూపించిన, గంతే. వాళ్ళు కాయితాలు ముందు పెట్టినరు, సంతకం పెట్టిన."

"బిడ్డ అనేది బావ ఎందుకైంది?"

"బిడ్డ సచ్చిపోయిన పాట ఎవరు చూస్తరు అన్నరు అక్కా."

"నువ్వేమన్నవు మరి?"

"నేను స్టేజి మీద పాడాల్నన్నా ఇప్పుడు వాళ్ళనే అడగాలె" అంది. అత్తకు చెప్పొద్దని బతిమాలింది. తిట్టాలని పట్టుకున్న ఫోన్, ఏమీ తిట్టకుండానే పెట్టేశాను. ఆ కోపం కూడా నాలోనే ఉండిపోయింది.

నాగర్‌కర్నూల్‌లో నాతో కలిసి చదువుకున్న ఒకామె వకీలు. వనపర్తిలో బస్సు మారి ఆమె దగ్గరికి పోయాను. ఆమె ఆ సాక్ష్యం వీడియో రెండుసార్లు చూసి తల కొట్టుకుంది.

"రాత లేదు, సంతకం లేదు. కోర్టుల ఇది నిలవడదే. కానీ కోర్టు దాకా నువ్వు పోతవా, మీ అత్త పోతదా? ఏండ్లు పడ్తది. ఆ సైటోళ్ళకు న్యాయంతోని పని లేదు, కాయితం కావాలె. మీ అత్తతోని ఒక కాయితం రాయించు. నేను పాట ఎవ్వరికీ ఇయ్యలేదు, వాళ్ళు అనమంటే ఆ మాట అన్న అని. వేలిముద్ర పెట్టించు, నోటరీ నేను చేయిస్త. ఆ వీడియోకు విలువ లేకుండ పోతది."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అక్కడే రాయించుకుని, అచ్చు వేయించుకుని, మర్నాడు పొద్దున్నే గట్టు బస్సు ఎక్కాను.

అత్త పత్తి విత్తనాల చేలో ఉంది. మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు రుద్దే పని. ఎండ ముదరకముందే చెయ్యాలి. సాళ్ళలో ఆమె వెనకాల నడుస్తూ మాట్లాడాను.

"అత్తా, జర చెయ్యి ఆపి నా మాట విను."

"చెయ్యి ఆపితే పువ్వు ఆగుతదా? నువ్వు చెప్పు, నా చెవులు ఖాళీగనే ఉన్నయి."

జరిగిందంతా చెప్పాను. కాగితం చదివి వినిపించాను. "ఇయ్యలేదు" అన్న చోట ఆమె చెయ్యి ఆగింది.

"ఇయ్యలేదా? ఇచ్చిన కదనే. ఒళ్ళె బియ్యం పోసి ఇచ్చిన. నీ మొగుడే కెమెరా పట్టె."

"ఇచ్చినవ్. గిట్ల మింగుమని ఇయ్యలే కద. ఇయ్యలేదని రాయకపోతే మన పాట మనకు రాదు అత్తా."

"గట్లయితే ఉన్నదే రాయి. పాట ఇచ్చిన. అది పాడుకుంటది, నేను పాడుకుంట, అడిగినోళ్ళందరు పాడుకుంటరు అని రాయి."

"గట్ల రాస్తే వాళ్ళే గెలుస్తరు."

"నిజం రాస్తే వాళ్ళు గెలుస్తరా? గదేం కోర్టు కచేరీనే!"

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదని చెప్పను? కంపెనీ మీద మండిన ఒళ్ళు ఆ చేలో అత్త మీదికి మళ్ళింది. ఎవరి కోసం నేను బస్సులు పట్టుకుని తిరుగుతున్నాను, ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోతుంది అని అరిచాను. పక్క సాళ్ళలోని ఆడవాళ్ళు తలలెత్తి చూశారు.

అత్త మాత్రం నెమ్మదిగానే అంది. "ఎనిమిది మందికిచ్చిన కోడలా. ఒకదానికి ఇయ్యలేదని వేలు పెట్టినంక, ఏడుగురికి ఏం మొకం చూపియ్యాలె? రేపు వాళ్ళు పాడుతుంటే, ఈమె ఇచ్చింది కూడ అబద్ధమేనేమో అనుకోరా?"

అప్పుడు అడగకూడనిది ఆమె అడిగింది. "గా పిల్ల ఎట్ల పాడింది? మంచిగ పాడిందా?" నేను ఫోన్‌లో చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. పడవను చూసి నవ్వింది, చీరను మెచ్చుకుంది. ఆ చరణం వచ్చింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను.

"నా బిడ్డ ఉన్న జాగల మొగోన్ని పెట్టినరా?"

అలాగే సాలులో కూలబడిపోయింది. ఏడవలేదు. వేళ్ళకంటిన పసుపుపచ్చని పుప్పొడిని చీరకు తుడుచుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఇప్పుడైనా వేలిముద్ర పెడుతుందనుకున్నాను. లేచి, "ఉన్నది ఉన్నట్టు రాసుకరా, పెడ్త" అని మళ్ళీ పనిలో పడింది.

ఉన్నది ఉన్నట్టే రాశాను. పాట ఇవ్వడమంటే మా దగ్గర ఏమిటో, బియ్యం ఎందుకు పోస్తారో, నాది కాదని ఎందుకు అంటారో, చదివేవాడికి కొంచెం బుర్ర ఉంటే అర్థమయ్యేలా రాశాను. ఆ సైటులో అది ఎవరు చదివారో, అసలు చదివారో లేదో నాకు తెలియదు. వారం తిరక్కముందే వీడియో తీసేశారు. మా అత్త ముఖం ఉండాల్సిన చోట నల్లటి గడి, దాని మీద కంపెనీ పేరు. సైటు లెక్కలో అది మా మొదటి తప్పు. పెళ్ళి వీడియోల్లో అత్త అదే పాట పాడినవి ఇంకొన్ని ఉన్నాయి, తవ్వి తవ్వి ఒకదాన్ని పట్టుకుని దాని మీద కూడా ఫిర్యాదు పెట్టారు. రెండో తప్పు. మిగిలినవి నేనే భయపడి దాచేశాను. మూడో తప్పు పడితే చానెల్ మొత్తం పోతుంది. మొదట్లో వాడిన హార్డ్ డిస్కులు ఎప్పుడో చెడిపోయాయి. పదకొండేళ్ళ పెళ్ళిళ్ళు, పేరంటాలు, ఇప్పుడు లేని మనుషుల మాటలు, అన్నీ ఆ చానెల్‌లోనే ఉన్నాయి. మా అమ్మ చివరిసారి నవ్వింది కూడా అక్కడే ఉంది.

సొంత పాట పాడుకున్నందుకు తప్పులు! దొంగతనం చేసినవాడు నమస్కారం పెట్టి ఉత్తరం రాస్తాడు, సొత్తు పోయినవాళ్ళం మేము వీడియోలు దాచుకుంటాం. ఆ రోజుల్లో ఎవరు ఎదురుపడ్డా ఇదే చెప్పేదాన్ని. మా ఆయన, "ఊకోవే, బీపీ వస్తది" అంటే ఆయన మీద కూడా విరుచుకుపడేదాన్ని.

కార్తీకంలో అత్త మనవరాలి పెళ్ళి కుదిరింది. పాలు మాన్పి వదిలి పోయిందని చెప్పానే, ఆ పిల్ల. అత్త రెక్కల కష్టం మీద పెరిగి నర్సింగు చదివింది. మగపెళ్ళివారిది వనపర్తి, అక్కడే ఫంక్షన్ హాల్లో పెళ్ళి. వీడియో మాది కాక ఎవరిది అవుతుంది? అత్త ఒక్కటే కోరింది. లైవ్ పెట్టాలంది. పూణెలో వదినతో పాటు ఇటుకలు మోసిన ఆడవాళ్ళు నలుగురైదుగురు ఇప్పటికీ అక్కడే పనిలో ఉన్నారు. జ్వరంలో ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నది వాళ్ళే, ఆఖరున బొట్టు పెట్టింది వాళ్ళే. వాళ్ళకు సెలవు దొరకలేదు.

"దాని బిడ్డకు ఒడిబియ్యం పోసుడు వాళ్ళు చూడాలె కోడలా. నా పాట వాళ్ళకు ఇనపడాలె."

"ఇనపడ్తది అత్తా" అన్నాను.

కొత్త చానెల్ తెరిచి అందులో ఇద్దామా అని కూడా చూశాను. ఒకే మనిషి తెరిచిన చానెళ్ళన్నిటికీ ఆ తప్పులు అంటుకుంటాయట. మా ఆయన రెండు రోజుల ముందే అన్నాడు. "అత్తమ్మ పాట వచ్చినప్పుడు సౌండ్ బంద్ చేద్దామే. పెళ్ళి మొత్తం కనపడ్తది, పాట ఒక్కటే ఇనపడదు." నేను ఇంతెత్తున లేచాను. దొంగల కోసం మనింట్లో మనమే నోళ్ళు కుట్టుకోవాలా, పోతే చానెల్ పోనీ, మళ్ళీ పెట్టుకుందాం, ఆ మాట ఇంకోసారి అన్నావంటే కెమెరా తీసి బయట పడేస్తా అన్నాను. ఆయన ఇంక ఆ ఊసెత్తలేదు.

పెళ్ళి బాగా జరిగింది. మధ్యాహ్నం అప్పగింతలు. మండపం పక్కన బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని నేను కూర్చున్నాను. పూణె వాళ్ళు పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నారు. "పిల్ల అచ్చం దాని తల్లే" అని కింద రాస్తున్నారు. పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. అత్త ఎదురుగా కూర్చుని, దోసిట్లోకి బియ్యం తీసుకుని, పాట ఎత్తుకుంది. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, గొంతు ఇంకా కంచుగానే ఉంది. హాలంతా సద్దుమణిగింది.

మొదటి చరణం అయింది. రెండోది మొదలవుతుండగా నా కంప్యూటర్ మీద పసుపు రంగు పట్టీ వచ్చింది. మీ ప్రసారంలో ఇతరులకు హక్కున్న పాట గుర్తించాం, తొలగించకపోతే చర్య తీసుకుంటాం.

ఎంతసేపు ఆలోచించానని అడిగితే చెప్పలేను. ఆలోచించినట్టు కూడా గుర్తు లేదు. మా అమ్మ నవ్వు గుర్తొచ్చింది. తెరలో శబ్దం గీత ఉంటుంది, దాన్ని వేలితో కిందికి లాగేశాను. హాల్లో మైకు మోగుతూనే ఉంది, లైవ్‌లో శబ్దం పోయింది. పసుపు పట్టీ మాయమైంది.

అత్త పూణె చరణానికి వచ్చింది. పీట మీది పిల్ల తన తల్లిని తలుచుకుని బావురుమంది. మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నా తెరలో మాత్రం పెదవులు కదులుతున్నాయి, అంతే. కింద పూణె వాళ్ళు రాస్తున్నారు. సౌండ్ రాట్లే. అక్కా సౌండ్. జర సౌండ్ పెట్టుండ్రి. గీత నా వేలి కిందే ఉంది. పైకి జరిపితే చాలు. పాట అయిపోయేదాకా జరపలేదు. అవతల కెమెరా పట్టుకున్న మా ఆయనకు ఏమీ తెలియదు.

పిల్లను కారెక్కించి అందరూ భోజనాల దగ్గరికి పోతుండగా అత్త ఫోన్ మోగింది. ఆమెకు చెవి కొంచెం మందం, స్పీకర్ పెట్టుకుంటుంది. పూణె నుంచి ఆడగొంతు.

"అక్కా, అంత మంచిగ కనిపించింది. నీ పాటప్పుడే సౌండ్ పాయె. మస్తు సేపు చూసినం. నీ నోరు ఆడుతుంది గంతే, ఏం పాడుతున్నవో ఇనపడలే. మేము నలుగురం గట్లనే ఫోన్ ముంగట కూసొని ఏడ్చినం."

అత్త ఫోన్ పట్టుకునే నా వైపు తిరిగింది. "గా కంపెనోళ్ళే ఆపినరా కోడలా?"

చెప్పడానికి నాకు చాలా వ్యవధి ఉంది. ఆమె నా ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"అవునత్తా," అన్నాను. "వాళ్ళే."

అంతే, అత్త అందుకుంది. చేలో అబద్ధపు కాగితం ముందు గొంతు పెంచని మనిషి, హాలు మధ్యలో, మగపెళ్ళివారు చూస్తుండగా, కొంగు బిగించి అందుకుంది. "వాళ్ళ నోట్లె మన్నువడ! నా బిడ్డ సచ్చిన జాగకు నా పాటను పోనియ్యకపోతిరి గదరా! ఆడిదాని గొంతు నొక్కిన చెయ్యి ఇరిగిపోను! గా చెయ్యికి పుండు పుట్ట! దాని కడుపున పుట్టినోళ్ళు దానికి కాకపోను!" ఆమెకు తెలిసిన తిట్లన్నీ అయ్యేదాకా ఆగలేదు. ఆ చెయ్యి చీర కుచ్చిళ్ళలో దాచుకుని నేను ఆమె పక్కనే నిలబడ్డాను.

ఆయాసం వచ్చి కుర్చీలో కూర్చుంది. నీళ్ళిచ్చాను. రెండు గుక్కలు తాగి, పెళ్ళింట్లో గట్టిగా అరిచానేమో అనుకుందో ఏమో, గొంతు తగ్గించి నన్నే అడిగింది.

"నువ్వే చెప్పు కోడలా. వాళ్ళను గట్ల అనాల్నా, వద్దా?"

"అనాలె అత్తా" అన్నాను.